చెల్లు రాయని షావుకారు

మా తాత ప్రోనోటు రాసి అప్పు తెచ్చేవాడు. విత్తనాలకు, ఎరువులకు, ఒకసారి మా మేనత్త పెళ్లికి. అప్పిచ్చిన షావుకారు ధర్మరాజేమీ కాదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, ధాన్యం కొలిచేచోట చేతివాటం, పంట ఇంటికి రాకముందే కళ్లంలో ప్రత్యక్షం. అంతటివాడికీ అప్పు తీరిన రోజున చేయక తప్పని పని ఒకటుండేది. ఇనప్పెట్టె తెరిచి, ఆ కాగితం వెతికి తీసి, దాని వెనక ‘అసలూ వడ్డీ ముట్టినవి, చెల్లు’ అని సొంత చేత్తో రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ ముక్క రాసేదాకా మా తాత షావుకారి అరుగు దిగేవాడు కాదు. పొద్దు గూకినా, ఇంటి దగ్గర అన్నం చల్లారిపోయినా సరే.

నేను మా తాతలా వేలిముద్ర వేసేవాణ్ణి కాదు. డిగ్రీ ఉంది, పాన్ కార్డుంది, చేతిలో ఫోనుంది. 2018లో ఫ్రిజ్ కొన్నప్పుడు షోరూంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు ఒక ట్యాబ్ ఇస్తే, దాని మీద వేలితో సంతకం గీశాను. ఎనిమిది వాయిదాలు. ఏడో నెలలో జీతం రెండు రోజులు ఆలస్యమై ఈఎంఐ బౌన్సయింది. బ్రాంచికి వెళ్లి వాయిదా కట్టాను. బౌన్సు ఛార్జీ 500, దాని మీద జీఎస్టీ 90, వెరసి 590 రూపాయలూ కట్టాను. రసీదు తీసుకున్నాను. ఎనిమిదో వాయిదా అయ్యాక నో డ్యూస్ లెటరూ తీసుకున్నాను. మా తాత భాషలో చెప్పాలంటే, చెల్లు రాయించుకున్నాననే అనుకున్నాను.

2024లో ఇంటి అప్పు కోసం వెళ్తే బ్యాంకు ఆఫీసరు తెర వైపు చూసి, గొంతు తగ్గించి, “మీ సిబిల్‌లో రైటాఫ్ ఉందండీ” అన్నాడు. అంటే మన అప్పుల చిట్టా రాసే సిబిల్ అనే క్రెడిట్ బ్యూరోలో, నా పేరు మీద రాని బాకీగా కొట్టేసిన పద్దు ఒకటుందన్నమాట. ఆయన గొంతు తగ్గించిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెప్పుకోలేని రోగమేదో బయటపడినట్టు. ఎంత బాకీ అని అడిగాను. 590 రూపాయలు.

అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే, “మా సిస్టంలో క్లోజ్డ్ అనే చూపిస్తోంది సార్, మీరు బ్యూరో వాళ్లను అడగండి” అన్నారు. బ్యూరోకు ఫిర్యాదు పెడితే, రుణదాతను సంప్రదించామనీ, ఆ సమాచారం సరైనదేనని వాళ్లు ధ్రువీకరించారనీ జవాబొచ్చింది. నా దగ్గరున్న రసీదు ఎవరూ చూడలేదు. చూపించమని అడిగినవాడూ లేడు. ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మొదట్లో ఇది గుమాస్తాల నిర్లక్ష్యమనుకున్నాను. కాదు. చట్టం తెచ్చుకుని చదివాను. ఈ తిరుగుడు చట్టంలోనే రాసి ఉంది.

క్రెడిట్ సమాచార కంపెనీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. అందులో 21వ సెక్షన్ మన కోసమే పెట్టారు. మన రికార్డు తప్పుగా ఉంటే దిద్దమని అడిగే హక్కు మనకుంది, అడిగిన 30 రోజుల్లో దిద్దాలి. చదవగానే ప్రాణం లేచొస్తుంది. ఆ కిందే ‘అయితే’ అంటూ ఒక షరతు మొదలవుతుంది. ఫలానా దిద్దుబాటు సరైనదేనని ఆ అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించిన తరువాతే బ్యూరో దిద్దాలట! అంటే తప్పు రాసినవాడే, అవును నేను తప్పు రాశానని సర్టిఫికెట్ ఇవ్వాలి. అప్పటిదాకా బ్యూరో చేతిలో రబ్బరున్నా చెరిపే హక్కు లేదు. దొంగ చేతికి తాళాలివ్వడం సామెతల్లోనే ఉందనుకున్నాను. పార్లమెంటు దాన్ని సెక్షన్ చేసింది.

ఇంకో ‘అయితే’ కూడా ఉంది, అది మరీ ఘనమైనది. ఆ తగాదా కోర్టులోనో, ట్రైబ్యునల్‌లోనో, మధ్యవర్తి ముందో నడుస్తుంటే దిద్దుబాటు చేయకూడదు. అది తేలేదాకా అప్పిచ్చిన సంస్థ పుస్తకాల్లో ఏముంటే అదే లెక్క. న్యాయం కోసం కోర్టు మెట్లెక్కినందుకు శిక్షగా, కేసు నడిచినన్నాళ్లూ అబద్ధమే అధికారిక సత్యమై కూర్చుంటుందన్నమాట.

షావుకారికి ఈ వైభోగం ఎప్పుడైనా దక్కిందా? మా తాత మీద దావా వేయాలంటే ఆయన ప్రోనోటు పట్టుకుని మునసబు కోర్టుకు రావాల్సిందే. కాగితం చూపాలి, వేలిముద్ర రుజువు చేయాలి. మూడేళ్లు ఊరుకుంటే ఆ ప్రోనోటుకు కాలదోషం పడుతుంది, దావాకు పనికిరాదు. ఈనాటి బ్యూరోలు మాత్రం మన చరిత్రను కనీసం ఏడేళ్లు దాచి ఉంచాలని నిబంధన. చట్టప్రకారం వసూలు దావాకే పనికిరాని బాకీ కూడా మన నుదుటి మీద రాతగా మాత్రం భేషుగ్గా బతికే ఉంటుంది. షావుకారికి రుజువు కావాలి, బ్యాంకుకు అక్కర్లేదు. షావుకారికి గడువుంది, బ్యాంకుకు లేదు. ఇదీ మనం సాధించిన నాగరికత!

పెద్దవాళ్ల సంగతి చూడండి. వందల కోట్లు ఎగ్గొట్టిన కంపెనీ యజమానిని ‘ఉద్దేశపూర్వక ఎగవేతదారు’ అనాలంటే ఎంత తతంగముందో! రిజర్వు బ్యాంకు 2024 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ముందు ఒక కమిటీ ఆధారాలు పరిశీలించాలి, షోకాజ్ నోటీసు ఇవ్వాలి, జవాబుకు 21 రోజులు గడువివ్వాలి, ఆపైన ఇంకో కమిటీ సమీక్షించాలి, ఆయన్ను పిలిచి స్వయంగా వినాలి. ఖాతాకు ‘మోసం’ అని ముద్ర వేసే ముందు కూడా రుణగ్రహీత మాట వినాల్సిందేనని మన తెలంగాణ హైకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. సుప్రీంకోర్టు 2023 మార్చి 27న ఆ మాటను ఖాయం చేసింది. ఆ తీర్పులు మంచివే, తప్పుపట్టను. ఒక మనిషిని మార్కెట్ నుంచి వెలివేసే ముద్ర వేసేటప్పుడు అతని మాట వినడం సహజ న్యాయం. మరి 590 రూపాయల మనిషికి ఆ సహజ న్యాయం ఎందుకు సహజం కాలేదు? క్రెడిట్ కార్డు బాకీకైతే బ్యూరోకు రాసేముందు చెప్పాలన్న నిబంధన ఒకటుంది. మామూలు అప్పులకు సమాచారం పంపేటప్పుడు ఒక ఎస్సెమ్మెస్సో, ఈమెయిలో పంపాలని 2023లో అన్నారు. ఎస్సెమ్మెస్ వినికిడి కాదు, ఉరి వేశాక కొట్టే గంట. వేయి కోట్లవాడికి రెండు కమిటీలు, వెయ్యి రూపాయలవాడికి ఒక మెసేజి!

ఈ ముద్ర ఒక్క అప్పుతో ఆగేదైతే ఇంత నోరు చేసుకునేవాణ్ణి కాదు. 300 నుంచి 900 దాకా పోయే ఆ మూడంకెల సంఖ్య ఇవాళ మనిషి జాతకమై కూర్చుంది. సిబిల్ నివేదికలో బకాయి చరిత్ర ఉందని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. అదే ఏడాది మహారాష్ట్రలో పెళ్లికొడుకు సిబిల్ చూసి సంబంధం వదులుకున్నారని పత్రికల్లో వచ్చింది. రేపు అద్దె ఇంటికి, ఎల్లుండి బడిలో సీటుకు అడిగినా ఆశ్చర్యపోను. కేరళ హైకోర్టు 2023లో, స్కోరు తక్కువన్న ఒక్క సాకుతో విద్యార్థికి చదువు అప్పు నిరాకరించకూడదని చెప్పి కొంత ఊపిరి పోసింది. తీర్పు ఒకటి అక్కడ, తిరస్కారాలు ప్రతి బ్రాంచిలో.

తప్పులెలా వస్తాయో కూడా చెప్పుకోవాలి. కట్టిన డబ్బు లెక్కలో పడదు. మూసిన ఖాతా తెరిచే ఉంటుంది. ఎవరో మన పాన్ నంబరుతో అప్పు తీసుకుంటారు. 2022 ఫిబ్రవరిలో ఒక రుణ యాప్ వ్యవహారం బయటపడినప్పుడు సినీనటి సన్నీ లియోనీ కూడా తన పాన్ మీద ఎవరో 2,000 రూపాయల అప్పు తీశారని వాపోయింది. ఆమె అరిస్తే దేశం విన్నది. మన అరుపు కాల్‌సెంటర్ సంగీతంలో కలిసిపోతుంది.

తెలుగువాడికి ఇంకో ప్రత్యేకమైన తద్దినం ఉంది, పేరు. ఒకే మండలంలో ఎంతమంది వెంకటరమణలు, ఎంతమంది నాగమణులు! బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు చివర. పుట్టినరోజు చూద్దామంటే అది బడిలో చేర్చిననాడు మాస్టారు తనకు తోచినట్టు వేసిన జూన్ ఒకటో, జులై ఒకటో. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు ఉన్న ఇద్దరి లెక్కలు ఒకే ఫైల్లో కలిసిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పేర్లు కలిపేస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. 2011లో కాలిఫోర్నియాలో ఒకాయన భార్యతో, మామగారితో కలిసి కారు కొనడానికి వెళ్లాడు. డీలరు రిపోర్టు తెప్పించి, మీరు ఉగ్రవాదుల జాబితాలో ఉన్నారట, మీకు అమ్మలేం అన్నాడు. జాబితాలోని ఒక పేరుతో ఆయన పేరూ ఇంటిపేరూ కలిశాయి, అంతే. పుట్టిన తేదీ కూడా సరిచూడకుండా, పేరు మాత్రమే చూసి ముద్ర వేసిన బ్యూరో ట్రాన్స్‌యూనియన్. మన సిబిల్‌లో మెజారిటీ వాటా ఉన్న సాక్షాత్తూ ఆ కంపెనీయే. 8,185 మంది తరఫున నడిచిన ఆ కేసులో జ్యూరీ 6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించింది. చివరికి 2021లో అమెరికా సుప్రీంకోర్టు, తప్పుడు రిపోర్టు బయటివాళ్లకు చేరిన 1,853 మందికే పరిహారం కోరే అర్హత ఉందని కోత కోసింది. కోత కోసినా ఒక్క మాట మిగిలింది. పౌరుడు నేరుగా బ్యూరోను కోర్టుకు లాగగలడు, జ్యూరీ ముందు నిలబెట్టగలడు.

అక్కడి చట్టం 1970 నాటిది. దాని పదును ఎక్కడుందో చూడండి. ఫిర్యాదు వచ్చాక సుమారు 30 రోజుల్లో విచారించాలి, ఆ సమాచారం తప్పని తేలినా, నిజమని రుజువు చేయలేకపోయినా తీసేయాలి. నిజమని తేల్చలేకపోతే చాలు, తీసేయాలి! తెలిసి తెలిసి చట్టం ఉల్లంఘిస్తే ఒక్కొక్కరికి 100 నుంచి 1,000 డాలర్ల దాకా పరిహారం, ఆపైన శిక్షగా ఇంకొంత, వకీలు ఫీజు అదనం. డాలస్‌లో ఉన్న కొడుకుకు ఈ రక్షణ ఉంది. గుంటూరులో ఉన్న తండ్రికి లేదు. ఇద్దరి ఫైళ్లూ ఉన్నది ఒకే కంపెనీ గూటిలో. అమెరికా స్వర్గమని నేననడం లేదు. ఐదుగురిలో ఒకరి రిపోర్టులో తప్పుందని 2013లో వాళ్ల ఫెడరల్ ట్రేడ్ కమిషనే తేల్చింది. అంత గట్టి చట్టమున్నచోటే అన్ని తప్పులుంటే, ఇక్కడ ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి.

మనకేం దక్కింది? రోజుకు వంద రూపాయలు. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ప్రకటించి, 2024 ఏప్రిల్ 26 నుంచి అమలు చేసిన పరిహారం అది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన ప్రతి రోజుకూ వంద. బ్యూరోకు సవరణ పంపడానికి అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు, ఆ గడువు దాటితే పరిహారం దాని నెత్తిన. అది సకాలంలో పంపినా బ్యూరో నానబెడితే బ్యూరో నెత్తిన. లేనిదానికన్నా నయమే, కాదనను. కానీ 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్విన మనిషి రోజు విలువలో మూడో వంతు కూడా లేదు, పరువు తవ్వేసినందుకు కట్టిన ధర.

నష్టమెంతో లెక్క వేద్దాం. 30 లక్షల ఇంటి అప్పు, 20 ఏళ్లు. ఎనిమిదిన్నర శాతానికి నెల వాయిదా సుమారు 26,035 రూపాయలు. స్కోరు పడిపోయిందని తొమ్మిదిన్నరకు ఇస్తే 27,964. ఒక్క శాతం తేడాకు 20 ఏళ్లలో కట్టే అదనం 4 లక్షల 60 వేలు దాటుతుంది. అదీ అప్పు పుడితేనే. బ్యాంకు తలుపు మూసుకుంటే యాప్‌లవాడి దగ్గరికో, రోజువారీ వడ్డీవాడి దగ్గరికో పోవాలి. వాళ్ల లెక్క ఏ రిజర్వు బ్యాంకూ వేయదు. ఇక బ్యూరోలకు పడిన దెబ్బ? సమాచారం సరిగా లేదనీ, ఫిర్యాదులు గడువులో తేల్చలేదనీ 2023 జూన్‌లో నాలుగు బ్యూరోలకూ రిజర్వు బ్యాంకు జరిమానా వేసింది. నలుగురికీ కలిపి కోటి రూపాయలు, కాస్త అటూ ఇటూగా. కోట్లాది మంది జాతకాలు అమ్ముకునేవాళ్లకు అది టీ ఖర్చు.

బ్యాంకర్ల వాదన నాకు తెలుసు. రికార్డు లేకపోతే ఎగవేతదారులు విర్రవీగుతారనీ, ఆ భారం నిజాయితీగా కట్టేవాళ్ల వడ్డీ మీద పడుతుందనీ అంటారు. ఒప్పుకుంటాను. ఎగ్గొట్టినవాడి పేరు రాయండి, ఎర్ర సిరాతో రాయండి. నిజం రాయొద్దని ఎవరన్నారు? నేను అడిగేది నిజం రాశారన్న రుజువు. రుజువు చూపలేని రికార్డును నమ్మి అప్పులిచ్చే బ్యాంకు కూడా మోసపోతున్నట్టే కదా! తప్పుడు చిట్టా షావుకారికీ మంచిది కాదు.

మరి చట్టం మారేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? వద్దు. ఉన్న కత్తి మొద్దుదే, అయినా తిప్పడం తెలిస్తే తెగుతుంది.

మొదట నాలుగు బ్యూరోల నుంచీ రిపోర్టులు తెప్పించుకోండి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టమని నెట్టే పేజీలు దాటుకుంటూ వెళ్తే ఆ ఉచితం దొరుకుతుంది. ఒకదాంట్లో తప్పుంటే మిగతా మూడింట్లోనూ ఉండొచ్చు. రిపోర్టు చూసి అప్పు నిరాకరించిన బ్యాంకును ఊరికే వదలొద్దు. నిరాకరించిన 30 రోజుల్లో కారణాలు రాసి, ఆ రిపోర్టు నకలు జతచేసి, అది ఏ బ్యూరో ఇచ్చిందో చెప్పాలని 2006 నాటి నిబంధనల్లో ఉంది. “సిబిల్ లేదండీ” అన్న నోటిమాట ఒప్పుకోవద్దు, కాగితం అడగండి.

రెండోది, ఫిర్యాదు ఇద్దరికీ ఒకే రోజు పంపండి. బ్యూరోకు ఆన్‌లైన్‌లో, అప్పిచ్చిన సంస్థ నోడల్ అధికారికి ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ. రసీదు, నో డ్యూస్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. ఉత్తరంలో 21వ సెక్షన్ పేరెత్తండి. బాకీ ఉందంటే ఏ తేదీ వాయిదా, ఏ ఖాతా, ఏ కాగితం ఆధారం అని అడగండి. ఫోన్లో మాట్లాడింది గాల్లో పోతుంది. ఫిర్యాదు నంబరు, తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుని 30 రోజులు లెక్కపెట్టండి. ముప్ఫై ఒకటో రోజు నుంచి మీటరు తిరుగుతుంది. తేల్చాక అయిదు పని దినాల్లో ఆ డబ్బు మీ ఖాతాలో పడాలి. స్కోరు లెక్క కట్టిన పద్ధతి మీద గొడవకు ఈ పరిహారం వర్తించదు, అందుకే ఫిర్యాదు ‘స్కోరు తక్కువ’ అని కాకుండా ‘ఫలానా ఎంట్రీ తప్పు’ అని రాయండి.

మూడోది, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి బ్యూరోలు కూడా ఆ గొడుగు కిందికొచ్చాయి. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, పథకం గడువు దాటకుండా వెళ్లాలి. నష్టానికి 20 లక్షల దాకా, మానసిక వేదనకు విడిగా లక్ష దాకా ఇప్పించే అధికారం 2021 పథకం ఆయనకిచ్చింది. ఇక్కడో మెలిక గుర్తుంచుకోండి. అదే విషయం కోర్టులో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ ముట్టుకోడు, పైగా ఇందాక చెప్పిన రెండో ‘అయితే’ మీ నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్, తరువాతే కోర్టు.

నాలుగోది వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. వేసేటప్పుడే మధ్యంతర ఉత్తర్వు అడగండి, కేసు తేలేదాకా ఆ తప్పుడు ఎంట్రీని చూపకుండా ఆపమని. 38వ సెక్షన్ కమిషన్‌కు మధ్యంతర ఉత్తర్వులిచ్చే అధికారమిచ్చింది. అవతలి వకీలు లేచి, బ్యూరో చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఇది మధ్యవర్తి దగ్గరికి పోవాలంటాడు. వినియోగదారుల చట్టం ఇతర చట్టాలకు అదనమే తప్ప వాటికి భంగం కాదని 100వ సెక్షన్ చెబుతోందని మీరనండి. ప్రభుత్వ బ్యాంకైతే, ఇంకే దారీ లేకపోతే, 226వ అధికరణం కింద హైకోర్టు తలుపు ఎప్పుడూ ఉంది. అక్కడికి మాత్రం వకీలుతో వెళ్లండి.

ఇంత దారి నడవాలా, 590 రూపాయలకు? నడవాలి. నడిచే ఓపిక లేని లక్షలమంది మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. చాలామంది ఏం చేస్తారో నేను చూశాను. లేని బాకీని కట్టేస్తారు. పీడా వదిలిందనుకుంటారు. అప్పుడు రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడొచ్చు, అదీ మచ్చే. కట్టకపోతే ఎగవేతదారు, కడితే రాజీపడ్డ ఎగవేతదారు. చేయని తప్పుకు సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నట్టు.

అందుకే ఈ పోరాటం ఒక్కొక్కడి ఓపిక మీద వదిలేయకూడదంటాను. మార్చాల్సింది ఒక్క వాక్యం. 21వ సెక్షన్‌లో ఆ మొదటి ‘అయితే’ను తిరగరాయాలి. రుణగ్రహీత కాదన్న ఎంట్రీకి 30 రోజుల్లో అప్పిచ్చినవాడు కాగితంతో రుజువు చూపాలి, చూపకపోతే బ్యూరో దాన్ని చెరిపేయాలి. ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. నింద మోపినవాడి మీదే రుజువు భారం. వేయి కోట్లవాడికి సుప్రీంకోర్టు ఇచ్చిన మర్యాదలో పదో వంతు చాలు మాకు. రెండో ‘అయితే’ను పూర్తిగా కొట్టేయాలి, కోర్టుకెళ్లడం నేరం కాదు గనుక. రిజర్వు బ్యాంకు చేతిలో ఉన్నది వంద రూపాయలు. ఈ వాక్యం మార్చగలిగింది పార్లమెంటు. మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది వెళ్తున్నారు. ఈసారి ఓటడగడానికి వచ్చినవాణ్ణి రోడ్డు, నీళ్లతో పాటు ఈ సెక్షన్ సంగతి కూడా అడగండి. వాడి సిబిల్ కూడా అడగండి, నష్టం లేదు.

నా కథ ముగింపు చెప్పాలి కదా. గడువు మీద 47 రోజులు గడిచాక, అంబుడ్స్‌మన్‌కు రాసిన తరువాత, ఒక ఉదయం నా ఖాతాలో 4,700 రూపాయలు పడ్డాయి. రిపోర్టులో ‘రైటాఫ్’ పోయి ‘క్లోజ్డ్’ వచ్చింది. ఈలోగా నేను మాట్లాడుకున్న ఇల్లు ఇంకొకరు కొనుక్కున్నారు. అమ్మినాయన్ను తప్పుపట్టను, ఎన్నాళ్లు ఆగుతాడు పాపం?

కంపెనీ నుంచి మాత్రం ఉత్తరం ఏదీ రాలేదు. పొరపాటు మాదేనని ఒక్క ముక్క లేదు. డబ్బు వేశాం కదా, కేసు ముగిసిందని వాళ్ల లెక్క. నా లెక్క ముగియలేదు. ఆ 4,700లో కొంత పెట్టి రసీదులన్నీ జిరాక్సు తీయించి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. అందులో అడిగిన మొదటి ఉపశమనం డబ్బు కాదు. ఈ మనిషి మాకు ఏమీ బాకీ లేడని, లేని బాకీ రాసింది మేమేనని కంపెనీ అధికారి సంతకంతో ఒక కాగితం.

మొన్న వాయిదాకు వాళ్ల వకీలు వచ్చి, “సమస్య పరిష్కారమైపోయింది కదండీ, ఇంకా ఎందుకు తిరుగుతారు?” అన్నాడు. చెల్లు రాయండి, పోతాను అన్నాను. అదేమిటో ఆయనకు అర్థం కాలేదు. మా తాత ఉండుంటే చెప్పేవాడు. నాకు చెప్పడం రాలేదు గానీ, అరుగు దిగకుండా కూర్చోవడం మాత్రం వచ్చు.